హైడ్రాంజియా పెంపకం – 4వ పాఠం: కత్తెర ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి

నేల, నీళ్ల సంగతి అయిపోయింది కాబట్టి ఇక కత్తిరింపు. ఆకులు దట్టంగా ఉండి కూడా పువ్వు పూయని పొదలకు చాలాసార్లు ఎరువు తక్కువ కాదు, కత్తెర తప్పు వేళ పడి ఉంటుంది.

ముందు రకం తేల్చుకోండి. మందపాటి నిగనిగలాడే ఆకులు, నీలం లేదా గులాబీ రంగు పూబంతులు ఉంటే మాక్రోఫిల్లా. శంకువులా పైకి లేచిన గుత్తులైతే పానిక్యులేటా. మాక్రోఫిల్లా వచ్చే ఏటి పూమొగ్గను ఈ ఏడు వేసవి చివర, శరత్తులోనే కొమ్మ కొసన కట్టేసుకుంటుంది. పానిక్యులేటా వసంతంలో వేసిన కొత్త చిగురు మీద పూస్తుంది. ఒకదానికి మేలు చేసే కోత రెండోదానికి చేటు.

మాక్రోఫిల్లాకు ఎండిన పువ్వులను చలికాలమంతా అలాగే ఉంచండి. కింది మొగ్గలకు మంచు నుంచి అవే గొడుగు. వసంతంలో గట్టి మంచు భయం తగ్గాక, ఎండు పువ్వు దగ్గర నుంచి కొమ్మ వెంట వేలు కిందికి జరపండి. రాలిన ఆకు మచ్చలకు సరిగ్గా పైన, ఎదురెదురుగా రెండు మొగ్గలు తగులుతాయి. ఉబ్బి గట్టిగా ఉంటే బతికున్నాయి. నల్లబడి, నలిపితే పొడి రాలితే ఇంకా కిందికి దిగండి. మొదటి బలమైన జతకు అర సెంటీమీటరు పైన అడ్డంగా, తిన్నగా కోయండి. ఏటవాలుగా కోస్తే జతలో ఒక మొగ్గకు దెబ్బ తగులుతుంది. పొడుగ్గా వదిలిన మోడు ఎండి కుళ్లు పడుతుంది.

పొద ముదిరాక, ఏటా బాగా పాతబడిన కాండాలను నేల మట్టానికి తీసేయండి, మొత్తంలో మూడో వంతు మించకుండా. అనుమానమొస్తే గోటితో గీరండి: లోపల పచ్చగా ఉంటే ప్రాణముంది.

పానిక్యులేటాను చలికాలం చివర, చిగురు రాకముందే, ఎత్తులో మూడో వంతు తగ్గించండి. ఇంకా లోతుగా కోస్తే గుత్తులు పెద్దవవుతాయి, నిజమే. కానీ లేత కొమ్మలు ఆ బరువు మోయలేక వానకు నేలకు వాలతాయి.

మాక్రోఫిల్లాను ఇప్పటికే చలికాలంలో పొట్టిగా కోసేసి ఉంటే, నత్రజని ఎరువు పోసి పువ్వులు రప్పించాలని చూడకండి, ఆకే పెరుగుతుంది. ఈ ఏడు వదిలేయండి.

వచ్చే పాఠం పూల రంగు మీద. నీలం కావాలనుకునేవాళ్లు ఈలోగా ఎముకల పొడి వేయకండి; అందులోని భాస్వరం, నీలం రంగు తెచ్చే నేలలోని అల్యూమినియాన్ని పట్టేసి వేరుకు అందనివ్వదు.