కొత్త హైబ్రిడ్ సెడాన్: ఏది జబ్బు, ఏది దాని తీరు

ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురంలో మాకు బియ్యం, అపరాల కొట్టు ఉంది. పోయినేడాది హైబ్రిడ్ సెడాన్ తీసుకున్నాం. ప్లగ్గు పెట్టి ఛార్జ్ చేసే రకం కాదు. పెట్రోల్ ఇంజన్, కరెంటు మోటారు కలిసి నడుస్తూ తన బ్యాటరీని తానే నింపుకునే రకం. మేము కొన్న షోరూమ్ విశాఖలో ఉంది. కొత్తలో ఏ చప్పుడు విన్నా టెన్షన్ పడి, సాలూరు ఘాటీ దిగి అంతదూరం పోయేవాణ్ని. రెండుసార్లు పోతే రెండుసార్లూ "కారు బాగానే ఉందండీ" అని కాఫీ ఇచ్చి పంపారు. మూడోసారి నిజంగానే బండి మొరాయించింది. తీరా చూస్తే అది ఊళ్లోనే అరగంటలో అయిపోయే పని.

బటన్ నొక్కితే ఏమీ వెలగదు, రిమోట్‌కు తలుపు కూడా తెరుచుకోదు

దసరాకు మేమంతా రైల్లో పార్వతీపురం, మా అత్తారింటికి వెళ్లాం. పదకొండు రోజులకు తిరిగొచ్చేసరికి కారు చచ్చిన గొడ్డులా పడి ఉంది. లక్షలు పోసిన హైబ్రిడ్ బ్యాటరీ పోయిందనే అనుకున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పోయింది ఆ పెద్ద బ్యాటరీ కాదు. హైబ్రిడ్‌లో మామూలు కారుకు ఉన్నట్టే ఇంకో చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. తాళాలు, లైట్లు, కంప్యూటర్లు నడిచేది దాని మీదే. పెద్ద బ్యాటరీని బండికి కలిపే స్విచ్‌లను (రిలేలు) ఆన్ చేసేది కూడా అదే. అది పడుకుంటే పెద్ద బ్యాటరీలో ఎంత ఛార్జ్ ఉన్నా బండి లేవదు. గోదాం నిండా ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్టు.

ముందు రిమోట్ లోపల దాచి ఉండే ఇనప తాళంచెవి బయటికి లాగి డ్రైవర్ తలుపు తీయండి. బ్యాటరీ ఎక్కడుందో, జంప్ ఇచ్చే (బయటి బ్యాటరీ నుంచి కేబుళ్లతో కరెంటు అందించే) చోటు ఎక్కడో మాన్యువల్‌లో బొమ్మతో సహా ఉంటుంది. కొన్నింటికి బ్యాటరీ డిక్కీలో ఉన్నా, బానెట్ కింద ఎర్ర మూత వేసిన పాయింట్ ఇస్తారు. మల్టీమీటర్ పెట్టి చూడండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. 11.8 కంటే దిగిందంటే ఇంక అనుమానం అక్కర్లేదు. మా వీధి చివరి మెకానిక్ ఒడియావాడు. మీటర్ చూసి "ఆజ్ఞా (అయ్యా), బ్యాటరీ డౌన్" అని నవ్వి కేబుళ్లు తెచ్చాడు. ఇక్కడ స్టార్టర్ మోటారును గిరగిరా తిప్పాల్సిన పని లేదు, కంప్యూటర్లు లేస్తే చాలు. అందుకే చిన్న పోర్టబుల్ జంప్ స్టార్టర్ కూడా సరిపోతుంది. నేను ఒకటి కొని డాష్‌బోర్డ్ అరలో పడేశాను.

ఒక జాగ్రత్త. మన హైబ్రిడ్ నుంచి పక్కవాడి లారీకో ట్రాక్టర్‌కో జంప్ ఇవ్వకండి. ఆ కరెంటు లాగుడుకు, పెద్ద బ్యాటరీ కరెంటును 12 వోల్టులకు దించే మన కన్వర్టర్ దెబ్బతినొచ్చు. మొహమాటానికి పోయి చేసే పని కాదిది.

మళ్లీ ఇలా జరక్కుండా ఉండాలంటే వారానికోసారి 'రెడీ' దీపం వెలిగేలా స్టార్ట్ చేసి అరగంటో గంటో ఉంచండి. ఇంజన్ చప్పుడు వినిపించకపోయినా ఆ దీపం ఉంటే చిన్న బ్యాటరీ ఛార్జ్ అవుతూనే ఉంటుంది. మా పిల్లలు బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కి, రెడీ వెలగకుండానే గంటలకొద్దీ పాటలు వినేవారు. బ్యాటరీని తినేసింది ఆ అలవాటే. రిమోట్‌ను కారుకు ఆనుకుని ఉన్న గోడ మేకుకు తగిలించడం కూడా మానేశాం. అది పక్కనే ఉంటే బండి మాటిమాటికీ మేల్కొంటుంది.

ఘాటీ దిగుతుంటే, యాక్సిలరేటర్ తొక్కకపోయినా ఇంజన్ హోరుమంటుంది

"ఏమండీ, కిందికి దిగుతూ ఇదెందుకు అరుస్తోంది?" ఘాటీ దారిలో సుంకి ఊరు దాటాక మా ఆవిడ అడిగిన ప్రశ్న. నా మొదటి విశాఖ పరుగు దీనికోసమే.

కొట్టు లెక్కల అలవాటు కొద్దీ దీనికీ ఓ లెక్క వేశాను. కొరాపుట్ పీఠభూమి నుంచి సాలూరు దాకా దిగేది దాదాపు 750 మీటర్లు. మనుషులు, సామాన్లతో బండి 1,500 కిలోలు అనుకుందాం. అంత బరువు అంత ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి ఇంచుమించు 3 యూనిట్ల కరెంటు. అందులో సగం గాలికీ టైర్లకూ పోయిందనుకున్నా ఒకటిన్నర యూనిట్ మిగులుతుంది. ఇలాంటి సెడాన్ల హైబ్రిడ్ బ్యాటరీ మొత్తం పట్టేదే ఒక యూనిట్ అటూ ఇటూ. బ్యాటరీ పాడవకుండా అందులోనూ కొంత భాగాన్నే వాడుకోనిస్తారు. అంటే ఘాటీ సగంలోనే గిన్నె నిండిపోతుంది. ఇంక వచ్చే కరెంటును ఎక్కడో ఒకచోట పారబోయాలి కదా. బండి ఆ కరెంటుతో ఇంజన్‌ను ఊరికే తిప్పుతుంది. అప్పుడు పెట్రోల్ కాలదు. మనం వినే హోరు అదే.

కాబట్టి ఇది జబ్బు కాదు. చేయాల్సినది మాత్రం ఉంది. దిగుడు మొదలయ్యే ముందే గేర్ లివర్‌ను 'బి' మోడ్‌లో (బండిని వెనక్కి పట్టి ఉంచేది) వేసుకోండి, లేదా స్టీరింగ్ వెనక పాడిల్స్‌తో ఆ పట్టు పెంచుకోండి. బ్యాటరీ నిండాక మోటారు పట్టు తగ్గి, బ్రేక్ భారం మామూలు డిస్కుల మీద పడుతుంది. పెడల్ కొంచెం వేరుగా అనిపిస్తుంది. కంగారు పడకుండా వేగం ముందే తగ్గించుకోవాలి. మా పెదనాన్న పాత అంబాసిడర్ మనిషి. పక్కన కూర్చుని "న్యూట్రల్‌లో వదిలేయరా, పెట్రోల్ కలిసొస్తుంది" అంటాడు. హైబ్రిడ్‌లో కలిసొచ్చేది ఏమీ ఉండదు. న్యూట్రల్‌లో పెడితే ఛార్జింగ్ ఆగిపోతుంది, ఇంజన్ పట్టు పోతుంది, బ్రేకులు కాలతాయి. ఆయనకు ఎదురు చెప్పలేక డ్రైవర్ సీటులో నేనే కూర్చుంటున్నాను.

ఎక్కేటప్పుడు అరుపుకు తగ్గ వేగం రాకపోవడం కూడా దీని తీరే. ఇందులో మామూలు గేర్లు ఉండవు. కావాల్సిన శక్తిని బట్టి ఇంజన్ తిరుగుతుంది, చక్రాల వేగాన్ని బట్టి కాదు. యాక్సిలరేటర్‌ను నేలకు అదమకుండా నిలకడగా తొక్కితే అరుపు సగం తగ్గుతుంది.

వానాకాలం పొద్దున్నే చక్రాల దగ్గర గరగర

రథయాత్ర రోజుల్లో మా దగ్గర ముసురు పడితే వదలదు. రెండు రోజులు బండి తీయకపోతే బ్రేక్ డిస్కుల మీద ఎర్రగా తుప్పు పూస్తుంది. మామూలు కారుకూ పూస్తుంది గానీ, రెండు సందులు తిరిగేసరికి రాలిపోతుంది. హైబ్రిడ్‌లో మెల్లగా బ్రేక్ తొక్కినప్పుడల్లా పని మోటారే చేసేస్తుంది, ప్యాడ్‌లు డిస్కును గట్టిగా తాకవు. అందుకే తుప్పు నిలుస్తుంది. వెనక ముందు ఎవరూ లేని చోట నలభై వేగం నుంచి నాలుగైదుసార్లు కాస్త గట్టిగా బ్రేక్ వేస్తే సరి. అప్పటికీ గరగర పోకపోతే, లేదా స్టీరింగ్ వణికితే చక్రం విప్పించి చూపించాలి. నా రెండో విశాఖ పరుగు ఈ తుప్పు కోసమే అని చెప్పడానికి సిగ్గుగా ఉంది.

చెప్పిన మైలేజీ రావడం లేదు

ల్యాబ్ అంకెకూ మన రోడ్డుకూ ఎప్పుడూ తేడా ఉంటుంది, అది వదిలేయండి. మీ బండికే ముందు వచ్చింది, ఇప్పుడు తగ్గింది అంటే మాత్రం వెతకాలి. మీటర్‌లో అంకె కాకుండా ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కు లెక్క కట్టండి. అదీ ఘాటీ ఎక్కి దిగి ఇంటికి చేరాకే.

చిన్న చిన్న ప్రయాణాలే అసలు దొంగలు. ఇంటి నుంచి కొట్టుకు నాకు కిలోమీటరున్నర. డిసెంబరు పొద్దున బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజన్ స్టార్ట్ అవుతుంది. తనూ, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరూ వేడెక్కాలి కాబట్టి. వేడెక్కేలోపు కొట్టు వచ్చేస్తుంది. పెట్రోలంతా చలి కాచుకోవడానికే సరి. ఇప్పుడు కొట్టుకు స్కూటీ మీదే పోతున్నాను.

తర్వాత గాలి. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో నింపిన టైరు, తెల్లారి 10 డిగ్రీల చలిలో 3 నుంచి 4 పీఎస్‌ఐ తక్కువ చూపిస్తుంది. చలికాలంలో గాలి పొద్దున్నే చూసుకోవాలి. ఇంజన్ ఆయిల్ కూడా పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. పల్చగా ఉందని చిక్కటిది పోసే మెకానిక్‌లు మా వైపు ఉన్నారు. ఇక ఇరవై శాతం ఎథనాల్ కలిసిన పెట్రోల్ సంగతి మన చేతిలో లేదు. ఎథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడింట ఒక వంతు తక్కువ, కాబట్టి కాస్త తరుగు తప్పదు.

వెనక సీటు దగ్గర ఫ్యాన్ చప్పుడు, తర్వాత హైబ్రిడ్ వార్నింగ్

చాలా మోడళ్లలో పెద్ద బ్యాటరీ వెనక సీటు కిందో వెనకో ఉంటుంది. దాన్ని చల్లబరిచే గాలి క్యాబిన్ నుంచే, సీటు పక్కనున్న జల్లెడ లోంచి పోతుంది. ఏదో అలంకారం అనుకుని మేము దానికి ఆనించి సంచులు పెట్టేవాళ్లం. ఒకరోజు జల్లెడ విప్పి చూస్తే లోపల వడ్ల పొట్టు, పిల్లలు ఒలకబోసిన మురీ, కుక్క వెంట్రుకలు దట్టంగా దిండులా పేరుకుని ఉన్నాయి. వాక్యూమ్ పెట్టి లాగాక ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది. నీళ్లు మాత్రం కొట్టకూడదు. శుభ్రం చేశాక కూడా వార్నింగ్ దీపం పోకపోతే ఇంక సొంత వైద్యం వద్దు. హైబ్రిడ్ బ్యాటరీకి మన దేశంలో సాధారణంగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుంది. మీ కాగితాలు చూసుకుని కంపెనీకే పంపండి.

ఎలుకలు, నారింజ రంగు తీగలు, లాగించుకెళ్లడం

బియ్యం కొట్టు మనిషికి ఎలుకల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి. నల్ల తీగ కొరికితే ఊళ్లో ఎలక్ట్రీషియన్ అతికిస్తాడు. నారింజ రంగు తొడుగున్న తీగ మీద గాటు కనిపిస్తే మాత్రం మీరు ముట్టుకోవద్దు, ఆయన్నీ ముట్టుకోనివ్వద్దు. అందులో వందల వోల్టుల కరెంటు పారుతుంది. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడటం కూడా అలాంటి సాహసమే.

అలాంటప్పుడు బండిని తాడు కట్టి లాగించకండి. ముందు చక్రాలు నేల మీద తిరిగితే వాటితో పాటు మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది, ఉన్న జబ్బుకు ఇంకోటి తోడవుతుంది. నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ కావాలి. మా జయపురంలో అది వెంటనే దొరకదు. అందుకే ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకునేటప్పుడు ఫోన్ చేసి ఒకే ఒక్క మాట అడిగాను: "ఫ్లాట్‌బెడ్ ఘాటీ ఎక్కి కొరాపుట్ దాకా వస్తుందా?" వస్తుందని మెయిల్‌లో రాసిచ్చాకే డబ్బు కట్టాను.