పద్దు రాసే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు: ఒక ఎరువుల దుకాణం లెక్కల్లో అకౌంటింగ్ భావనలు, సంప్రదాయాలు

ఇంటర్మీడియట్‌లో కామర్స్ చదివినవారికి వ్యాపార అస్తిత్వ భావన, గతిశీల సంస్థ భావన, మితవాద సంప్రదాయం వంటి పేర్లు కొత్తవి కావు. అయితే ఒక్కొక్కదానికి నాలుగేసి వాక్యాలు బట్టీ పట్టి, పరీక్ష హాలు దాటగానే మరచిపోయినవారే ఎక్కువ. నిజానికి ఇవన్నీ పద్దు రాసేవారికి ఎదురయ్యే మామూలు సందేహాలకు పెద్దలు నిర్ణయించిన జవాబులు: ఈ సొమ్ము ఎవరిది, ఎంతకు రాయాలి, ఏ ఏడాది లెక్కలో చూపాలి. ఒక మండల కేంద్రంలో ఏప్రిల్ 1న ఎరువులు, పురుగుమందుల దుకాణం తెరిచారని అనుకొని, ఆ ఏడాది పొడవునా ఈ సందేహాలను ఎలా తీర్చుకోవాలో చూద్దాం.

మొట్టమొదట యజమానిని దుకాణం నుంచి వేరు చేయాలి. చట్టం దృష్టిలో సొంత వ్యాపారం, దాని యజమాని ఒకరే అయినా, లెక్కల పుస్తకం దృష్టిలో ఇద్దరూ వేరు. దీనినే వ్యాపార అస్తిత్వ భావన అంటారు. యజమాని పెట్టిన 5,00,000 రూపాయలు దుకాణం ఆయనకు బాకీపడిన సొమ్ము, అంటే మూలధనం. గల్లాపెట్టెలోంచి కూతురి కాలేజీ ఫీజుకు 25,000 తీస్తే అది దుకాణం ఖర్చు కాదు, సొంతవాడకం. దానిని మూలధనంలోంచి తగ్గించాలి. చిన్న దుకాణాల లెక్కలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం. ఇంటి పాల బిల్లు, దుకాణం కరెంటు బిల్లు ఒకే గల్లాలోంచి, ఒకే పద్దు కింద పోతే, ఏడాది చివర కనిపించే లాభం దుకాణానిదా, ఇంటి పొదుపుదా అన్నది ఎవరూ తేల్చలేరు.

ఈ భావన పట్టుబడితే కొత్తవారిని తికమక పెట్టే మరో విషయం కూడా విడిపోతుంది. బ్యాంకులో సొమ్ము జమ చేసినప్పుడు మన పుస్తకంలో బ్యాంకు ఖాతాకు డెబిట్ రాస్తాం, బ్యాంకు ఇచ్చే పాస్‌బుక్‌లో మాత్రం అదే సొమ్ము క్రెడిట్ వైపు కనిపిస్తుంది. రెండూ సరైనవే. పాస్‌బుక్ మన పుస్తకం కాదు. బ్యాంకు తన పుస్తకంలో మన ఖాతాను రాసుకున్న దానికి నకలు. మనం దాచిన సొమ్ము మనకు ఆస్తి, బ్యాంకుకు అప్పు.

తరువాత ప్రతి వ్యవహారానికీ రెండు ముఖాలు వెతకాలి. ఇటలీలో వర్తకులు అప్పటికే వాడుతున్న ఈ జంటపద్దు విధానాన్ని లూకా పాచియోలీ 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో వివరించాడు. సూత్రం నేటికీ మారలేదు. మన దుకాణం మూలధనం 5,00,000కు తోడు బ్యాంకు అప్పు 3,00,000 తెచ్చుకుంటే ఆస్తులు 8,00,000. డీలరు దగ్గర 2,00,000 సరుకు అరువుకు తెస్తే ఆస్తులు 10,00,000, మూలధనం 5,00,000, అప్పులు 5,00,000. ఫీజుకు 25,000 తీశాక ఆస్తులు 9,75,000, మూలధనం 4,75,000, అప్పులు కదలవు. పద్దు రాసిన ప్రతిసారీ ఈ రెండు పక్కలూ సరిపోయాయా అని చూసుకోవాలి. ఒక జాగ్రత్త: అంకణా, అంటే ఖాతాల నిల్వలన్నీ ఒకచోట చేర్చి డెబిట్, క్రెడిట్ మొత్తాలను సరిచూసే పట్టీ, కలిసినంత మాత్రాన లెక్క సరైనదని కాదు. ఫీజును పొరపాటున దుకాణం ఖర్చుగా రాసినా అంకణా చక్కగానే కలుస్తుంది.

ద్రవ్య కొలమాన భావన గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. రూపాయల్లో కొలవలేనిది పుస్తకంలోకి రాదు. రైతుల పొలం, పంట, పాత తెగుళ్లు అన్నీ గుర్తుపెట్టుకున్న గుమాస్తా దుకాణానికి ఎంత విలువైనవాడైనా, ఆస్తి అప్పుల పట్టీలో అతనికి చోటు లేదు; అతని జీతం మాత్రమే లాభనష్టాల ఖాతాలో కనిపిస్తుంది.

అసలు కష్టం కాలం దగ్గర వస్తుంది. వ్యాపారం ఆగకుండా సాగుతూనే ఉంటుంది, లాభం మాత్రం ఏడాదికొకసారి తేల్చాలి. ఉగాదికో దీపావళికో కొత్త పుస్తకాలకు పసుపు కుంకుమ పెట్టే ఆచారం ఉన్నా, చట్టం లెక్కించే ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకే. ఈ గీతకు అటూ ఇటూ పడే వ్యవహారాలను జాగ్రత్తగా విడదీయాలి.

ఫిబ్రవరిలో ఒక రైతు రబీ వరికి 40,000 రూపాయల పురుగుమందులు అరువుకు తీసుకొని, మే నెలలో ధాన్యం అమ్మాక సొమ్ము కట్టాడనుకుందాం. ఆదాయం ఎప్పటిది? సరుకు, దానిపై హక్కు ఫిబ్రవరిలోనే చేతులు మారాయి, కాబట్టి అమ్మకం ఫిబ్రవరిదే. మార్చి 31న ఆ 40,000 రైతు నుంచి రావలసిన బాకీగా ఆస్తుల్లో ఉంటుంది. మేలో వచ్చేది ఆదాయం కాదు, బాకీ వసూలు మాత్రమే. ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ చూడండి. మరో రైతు మార్చి 20న, ఖరీఫ్‌లో ఇవ్వవలసిన పత్తి విత్తనాలకు 5,000 బయానా ఇచ్చాడు. డబ్బు గల్లాలో పడింది కానీ విత్తనాలు ఇవ్వలేదు. కాబట్టి ఈ ఏడాదికి అది ఆదాయం కాదు, దుకాణం ఆ రైతుకు బాకీ. ఆదాయాన్ని డబ్బు అందిన తేదీని బట్టి కాక, సంపాదించిన తేదీని బట్టి రాయడాన్నే సంచయ భావన అంటారు.

ఆదాయం ఏ ఏటిదో తేలాక, దానిని సంపాదించడానికి అయిన వ్యయాన్ని కూడా అదే ఏటికి జతపరచాలి. ఫిబ్రవరిలో అమ్మిన మందుల కొన్న ధర 34,000ను డీలరుకు ఏప్రిల్‌లో చెల్లించినా, అది ఈ ఏటి వ్యయమే. అద్దె నెలకు 8,000 చొప్పున పదకొండు నెలలకే 88,000 కట్టి ఉంటే, మిగిలిన 8,000ను చెల్లించవలసిన వ్యయంగా కలిపి 96,000 చూపాలి. అక్టోబరు 1న ఏడాది బీమాకు 12,000 కడితే, అందులో 6,000 వచ్చే ఏటిది. కంపెనీల చట్టం, 2013లోని 128వ సెక్షన్ కంపెనీలకు ఈ సంచయ పద్ధతినీ, జంటపద్దు విధానాన్నీ తప్పనిసరి చేసింది. మన దుకాణం కంపెనీ కాకపోయినా, నిజమైన లాభం తెలియాలంటే వేరే దారి లేదు.

ఇక విలువలు. 60,000 పెట్టి చేయించిన రాకులు (సరుకు పెట్టే అరలు), కౌంటరు పదేళ్లు పనికొస్తాయనుకుంటే ఏటా 6,000 తరుగుదల పోను మొదటి ఏడాది చివర 54,000కు చూపుతాం. ఈ రోజు అమ్మితే పాత సామాను వ్యాపారి 15,000 కూడా ఇవ్వకపోవచ్చు. అయినా ఆ ధర మనకు పట్టదు, ఎందుకంటే దుకాణం ఇప్పట్లో మూయడం లేదు, రాకులు అమ్మకానికి లేవు. గతిశీల సంస్థ భావన చెప్పేది ఇదే.

సరుకు సంగతి వేరు, అది అమ్మడానికే ఉంది. అందుకే ముగింపు సరుకును కొన్న ధర, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధర, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికే రాయాలని మన దేశంలో లెక్కల తయారీకి నిర్ణయించిన నియమాల్లో ఒకటైన రెండవ అకౌంటింగ్ ప్రమాణం (AS 2) చెబుతోంది. మార్చి 31న రాకు దగ్గర నిలబడి డబ్బాలు లెక్కపెట్టండి. 50,000కు కొన్న మందులకు ఇప్పుడు 62,000 పలుకుతున్నా 50,000కే రాయాలి. ఆ 12,000 అమ్మినప్పుడే లాభం. వెనక వరుసలో గడువు దగ్గరపడిన డబ్బాలు 18,000 పెట్టి కొన్నవి, 7,000 మాత్రమే వస్తుందనుకుంటే 7,000కే రాసి, 11,000 నష్టాన్ని ఈ ఏడాదే ఒప్పుకోవాలి. రాని లాభాన్ని రాయకుండా, కనిపించిన నష్టాన్ని దాచకుండా ఉండడమే మితవాదం. రైతుల బాకీలు 3,00,000 ఉంటే, గత అనుభవాన్ని బట్టి ఐదు శాతం, అంటే 15,000 రానిబాకీల నిధికి కేటాయించడం కూడా దీని కిందికే వస్తుంది. అయితే పన్ను తగ్గుతుందనో, లాభం తక్కువగా కనిపించాలనో 60,000 కేటాయిస్తే అది మితవాదం కాదు, లెక్కను వంచడం.

అంచనాలు తప్పని చోట అవి ఉంటాయి, లేని చోట ప్రతి అంకె వెనకా కాగితం ఉండాలి. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ అధినేత రాసిన లేఖతో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని బయటపడింది. బ్యాంకు నిల్వను అంచనా వేయరు. బ్యాంకు నుంచి నేరుగా ధ్రువీకరణ తెచ్చుకుంటారు. మన దుకాణం కూడా మార్చి 31న పాస్‌బుక్‌తో, పెద్ద బాకీదారుల సంతకాలతో నిల్వలను సరిచూసుకోవాలి.

150 రూపాయల స్టేప్లరు మూడేళ్లు పనిచేస్తుందని ఏటా 50 చొప్పున తరుగుదల రాయనక్కరలేదు. కొన్న రోజే ఖర్చు రాసేస్తే చాలు. విషయ ప్రాధాన్యతా సంప్రదాయం ఇచ్చే వెసులుబాటు ఇది.

చివరగా, ఎంచుకున్న పద్ధతులను ఏటేటా మార్చకూడదు. రాకులపై స్థిర వాయిదాల పద్ధతిలో రెండో ఏడాదీ తరుగుదల 6,000. తగ్గుతున్న నిల్వల పద్ధతిలో, మిగిలిన 54,000పై అదే పది శాతానికి 5,400. ఒక ఏడాది ఇదీ, మరో ఏడాది అదీ వాడితే రెండేళ్ల లాభాలను పోల్చడానికి వీలుండదు. తగిన కారణం ఉండి మార్చవలసి వస్తే, మార్చిన సంగతినీ, దానివల్ల లాభం ఎంత మారిందో ఆ అంకెనూ లెక్కల కింద రాయాలి. గతిశీలత, స్థిరత్వం, సంచయం అనే మూడింటినీ పాటిస్తున్నట్లు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదనీ, వీటిలో ఏది పాటించకపోయినా ఆ విషయం తప్పక వెల్లడించాలనీ మొదటి అకౌంటింగ్ ప్రమాణం నిర్దేశిస్తుంది. దుకాణం పుస్తకం మొదటి పేజీలోనే సరుకు విలువ కట్టే పద్ధతి, తరుగుదల పద్ధతి, రానిబాకీల శాతం రాసిపెట్టుకుంటే, రేపు గుమాస్తా మారినా కొత్తగా వచ్చినవారు ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కోనవసరం ఉండదు.