చిగుళ్ల వ్యాధిపై జంతు పరిశోధనా పత్రాన్ని చదివే విధానం

శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది పురుషుల నోటి ఆరోగ్యాన్ని 1970 నుంచి 1985 వరకు పరిశీలించారు. వారికి పళ్లు తోముకునే అలవాటు గానీ, దంతవైద్యం గానీ లేవు. అందరి పళ్లకూ పాచి, గార దట్టంగా పట్టి ఉన్నాయి. అయినా వారిలో దాదాపు 8 శాతం మందికి వ్యాధి వేగంగా ముదిరింది, 81 శాతం మందికి ఒక మోస్తరుగా సాగింది, మిగిలిన 11 శాతం మందికి చిగుళ్ల వాపుతోనే ఆగిపోయింది. బాక్టీరియా అందరి నోట్లోనూ ఉన్నప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే పరిశోధకులను జన్యువుల వైపు, రోగనిరోధక వ్యవస్థ వైపు నడిపిస్తోంది. దానికి జవాబు వెతికే పరిశోధనల్లో ఎక్కువ భాగం చిట్టెలుకల మీద జరుగుతాయి కనుక, అటువంటి పత్రం చేతికి వచ్చినప్పుడు దేన్ని ముందు చూడాలో తెలిసి ఉండడం అవసరం.

ముగింపు వాక్యాల జోలికి పోకుండా, ముందుగా జంతువుకు వ్యాధిని ఎలా కలిగించారో చూడండి. ఒక పద్ధతిలో పై దవడలోని రెండవ దవడ పంటి చుట్టూ సన్నని పట్టు దారం కడతారు. దారం దగ్గర బాక్టీరియా పేరుకుని, వారం రోజుల్లోనే పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. రెండవ పద్ధతిలో కొన్నాళ్లు యాంటీబయాటిక్స్ ఇచ్చి, ఆపైన పోర్ఫైరోమొనాస్ జింజివాలిస్ అనే బాక్టీరియాను చిక్కటి ద్రావణంలో కలిపి పలుమార్లు నోట్లో వేస్తారు. ఇందులో ఎముక నష్టం కనిపించడానికి వారాలు పడుతుంది. మొదటిది ఎముక కరిగే దశను త్వరగా చూపుతుంది గానీ, దారం వల్ల కలిగే గాయం కూడా అందులో కలిసి ఉంటుంది. రెండవది బాక్టీరియాకూ శరీరానికీ మధ్య సంబంధాన్ని చూపుతుంది గానీ, దాని ఫలితాలు ఒక ప్రయోగశాల నుంచి మరొకదానికి మారుతూ ఉంటాయి. నా దృష్టిలో ఈ రెండు పద్ధతుల ఫలితాలను ఒకే తక్కెడలో వేయడమే పాఠకులు చేసే అతి పెద్ద పొరపాటు.

తరువాత జంతువుల వంశాన్ని చూడండి. నోటి ద్వారా బాక్టీరియాను ఇచ్చినప్పుడు బాల్బ్-సి వంశపు చిట్టెలుకలు ఎముకను కోల్పోయినంతగా సి57 బ్లాక్-6 వంశపువి కోల్పోవు. అంటే వంశం మారితేనే ఫలితం మారుతుంది. జన్యువును తొలగించిన జంతువులను వేరే చోట పెరిగిన మామూలు జంతువులతో కాక, ఒకే ఈతలో పుట్టి ఒకే పంజరంలో పెరిగిన తోబుట్టువులతో పోల్చారా అన్నది ఇంకా ముఖ్యం. చిట్టెలుకలు ఒకదాని పెంటికలు మరొకటి తింటాయి కనుక, పంజరంలోని జంతువులన్నిటికీ సూక్ష్మజీవులు దాదాపు ఒకేలా ఉంటాయి. పంజరాలు వేరైతే, జన్యువు తెచ్చిన తేడా ఏదో, సూక్ష్మజీవులు తెచ్చిన తేడా ఏదో విడదీయడం కష్టం.

కొలత విషయం కొద్దిలోనే తేలుతుంది. పంటి పైపొర అయిన ఎనామిల్ అంచు నుంచి ఎముక అంచు వరకు ఉన్న దూరాన్ని, ఏ జంతువు ఏ గుంపుదో తెలియని వ్యక్తి కొలవాలి. ముసలి చిట్టెలుకలలో ఏ ప్రయోగమూ లేకుండానే ఎముక కొంత తగ్గుతుంది కనుక జంతువుల వయసు కూడా స్పష్టంగా రాసి ఉండాలి.

అసలు ఓపికగా చదవవలసినది రోగనిరోధక ఫలితాల భాగం. ఇంటర్‌ల్యూకిన్-17 అనే సంకేత ప్రొటీన్‌నే ఉదాహరణగా తీసుకోండి. దాని గ్రాహకం (కణం మీద ఆ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) లేని చిట్టెలుకలకు జింజివాలిస్ సోకినప్పుడు, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చిగుళ్లకు సరిగా చేరక ఎముక మరింత నష్టపోయింది. ఇది చదివినవారు ఆ ప్రొటీన్ రక్షకమని అనుకుంటారు. అయితే న్యూట్రోఫిల్స్ రక్తనాళం దాటి బయటికి రాలేని జన్యులోపం ఉన్న చిట్టెలుకలలో అదే ప్రొటీన్ మితిమీరి పెరిగింది; దానిని అడ్డుకున్నప్పుడు ఎముక నిలిచింది. ఇటువంటి లోపమే ఉన్న ఒక రోగికి ఇంటర్‌ల్యూకిన్-12నూ, ఇంటర్‌ల్యూకిన్-17ను పెంచే ఇంటర్‌ల్యూకిన్-23నూ అడ్డుకునే ఉస్తెకినుమాబ్ మందు ఇస్తే చిగుళ్ల వాపు తగ్గిందని 2017లో ప్రచురితమైంది. కాబట్టి ఒక అణువును మంచిదనో చెడ్డదనో ముద్ర వేయకుండా, ఏ లోపం ఉన్న జంతువులో, ఏ పద్ధతిలో, వ్యాధి ఏ దశలో ఉండగా ఆ ఫలితం వచ్చిందో పక్కన రాసుకోండి.

బాక్టీరియా పాత్రనూ ఇలాగే పరీక్షించాలి. 2011లో ప్రచురితమైన ప్రయోగంలో, వేరే సూక్ష్మజీవులేవీ లేని చిట్టెలుకల నోట్లో జింజివాలిస్ ఒక్కటే ఉన్నప్పుడు ఎముక నష్టం కలగలేదు. సాధారణ సూక్ష్మజీవులతో కలిసినప్పుడే కలిగింది. సూక్ష్మజీవులను ఎదుర్కొనే కాంప్లిమెంట్ అనే రక్త ప్రొటీన్ల గ్రాహకాలు లేని జంతువులలో అది కూడా జరగలేదు. అందువల్ల ఏదైనా ఒక బాక్టీరియానే వ్యాధికి కారణమని రాసిన పత్రంలో, మిగిలిన సూక్ష్మజీవుల సంఖ్యను లెక్కించారో లేదో తప్పక వెతకండి.

చివరిగా మనుషులతో పోలికను చూడాలి. చిట్టెలుకకు ప్రతి దవడలో ఇరువైపులా మూడేసి దవడ పళ్లు, జీవితాంతం పెరిగే ముందు పళ్లు మాత్రమే ఉంటాయి. బీగిల్ కుక్కలకు ఈ వ్యాధి సహజంగానే వస్తుంది కనుక ఆ పోలిక మరింత దగ్గరిది, కానీ వాటిలో జన్యువులను మార్చి చూడడం చాలా కష్టం. 2000లో 117 జతల కవలలపై ప్రచురితమైన అధ్యయనం, మనుషుల మధ్య ఈ వ్యాధి తేడాలలో దాదాపు సగం వారసత్వం వల్ల వస్తాయని అంచనా వేసింది. ఆ సగం సాధారణంగా ఒక్క జన్యువు నుంచి కాక, ఒక్కొక్కటీ కొంచెంగా ప్రభావం చూపే ఎన్నో జన్యువుల నుంచి వస్తుంది. ఒక జన్యువును పూర్తిగా తీసివేసిన చిట్టెలుక గురించి చదువుతున్నప్పుడు, ఆ జన్యువులోనే లోపం ఉన్న మనుషుల చిగుళ్లను ఎవరైనా పరీక్షించి ఉంటే ఆ ఫలితాన్ని కూడా తెచ్చి పక్కన పెట్టుకోండి. రెండూ ఒకే దిశలో ఉన్నాయా, ఎదురుగా ఉన్నాయా అన్నది తేలే వరకు ఆ జన్యువు పేరును చికిత్సతో ముడిపెట్టకండి.