వీధి వర్తకుల దగ్గర బేరమాడేటప్పుడు మోసపోకుండా ఉండడం ఎలా?

వీధిలో బేరమాడేవారు సాధారణంగా ధర విషయంలోనే జాగ్రత్తపడతారు. మోసం చేయదలచినవాడు మాత్రం ధర తగ్గించడానికి పెద్దగా వెనుకాడడు. బేరం కుదిరిందన్న తృప్తిలో మీ చూపు సడలినప్పుడే తన పని కానిచ్చుకుంటాడు. నిజాయితీగా అమ్ముకునేవారే ఎక్కువమంది కాబట్టి అందరినీ అనుమానించనక్కరలేదు గానీ, ధర కుదిరాక వస్తువు సంచిలో పడేదాకా ఏమరుపాటు పనికిరాదు.

ముందుగా అదే వస్తువు ధరను రెండు మూడు చోట్ల విచారించి, ఎంతకు మించి ఇవ్వకూడదో మనసులో నిర్ణయించుకోండి. చెప్పిన ధరలో సగానికి అడగాలన్న లెక్కను నమ్ముకోవద్దు, ఎందుకంటే అది తెలిసిన వర్తకుడు మొదటి ధరనే అందుకు తగ్గట్టు పెంచి చెబుతాడు. ఆ ధర ఒక్కదానికా, జతకా, కిలోకా అన్నది బేరానికి ముందే అడిగి తేల్చుకోవాలి. పక్కన నిలబడి అడగకుండానే సరుకును మెచ్చుకునే వ్యక్తి అమ్మేవాడి మనిషే కావచ్చు.

తర్వాత వస్తువును పరీక్షించండి. వెండి, బంగారం అయస్కాంతానికి అంటుకోవు. అంటుకుంటే లోపల ఇనుము వంటిదేదో ఉన్నట్టే. అయితే రాగి, ఇత్తడి కూడా అంటుకోవు కనుక, అంటుకోనంత మాత్రాన అది అసలైనదని అనుకోరాదు. వాడిన ఫోన్ కొంటుంటే ఆన్ చేసి, స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ నొక్కండి. తెరపై కనిపించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) పెట్టె మీది సంఖ్యతో సరిపోవాలి.

ఎక్కువ జాగ్రత్త కావలసింది ఆ తర్వాతే. “ఉండండి, ప్యాక్ చేసి ఇస్తాను” అంటూ మీరు పరీక్షించిన ఫోన్‌ను బల్ల కిందికి తీసుకెళ్తే, తిరిగి వచ్చే పెట్టెలో అంతే బరువున్న డమ్మీ ఉండవచ్చు. అందువల్ల చూసిన వస్తువునే చేత పట్టుకుని మీ సంచిలో మీరే పెట్టుకోండి; ఎంత మొహమాటంగా ఉన్నా, మీ కంటికి కనబడకుండా కట్టిన పొట్లాన్ని అక్కడికక్కడే విప్పి చూడండి. తూకం సరుకైతే ఖాళీ కాటా సున్నా చూపుతోందో లేదో గమనించాలి. అనుమానం వస్తే నిండుగా ఉన్న అర లీటరు నీళ్ల సీసాను కాటా మీద పెట్టండి. సీసా బరువుతో కలిపి 500 గ్రాములకు కాస్త ఎక్కువ రావాలి. 600 చూపిస్తే అక్కడ కొనకండి.

డబ్బు చివరన ఇవ్వండి. పెద్ద నోటు ఇస్తే దాని విలువను పైకి చెప్పి, చిల్లర లెక్కపెట్టుకున్నాకే కదలండి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరపై కనబడే పేరు ఎవరిదో వర్తకుణ్ణి అడిగి, మొత్తాన్ని మరోసారి చూసుకున్నాకే పంపండి.

ఏ దశలోనైనా తొందరపెట్టినా, గదమాయించినా వాదించకుండా వెళ్లిపోండి. ఇంకా తగ్గిస్తానని వెనక్కి పిలిస్తే వెళ్లవచ్చు, కానీ అప్పుడు చేతికిచ్చేది ఇందాక చూసిన వస్తువేనా అన్నది మళ్లీ మొదటినుంచి పరీక్షించాలి.