హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ సదస్సుకి విద్యార్థులు జట్టుగా వెళ్లడం ఎలా?

రోగుల రికార్డులు, వాటిని భద్రపరిచే పద్ధతులు, వాటి మీద నడిచే సాఫ్ట్‌వేర్: హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ సదస్సుల్లో మాట్లాడుకునేది వీటి గురించే. అక్కడ పోస్టర్, అంటే మీ పరిశోధనని ఒక్క పెద్ద షీటు మీద చూపేది, పెట్టడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. సరైన జోడీ దొరికితే సగం పని అయినట్టే.

1. జోడీని వెతుక్కోండి

అందరూ బీటెక్ వాళ్లే అయితే లాభం లేదు. ఒక మెడికో గానీ నర్సింగ్ విద్యార్థి గానీ ఉండి తీరాలి. బీపీ రీడింగుల పట్టిక ముందేసుకోండి. 120, 130, 140 అంటూ సున్నాతో ముగిసే అంకెలే కుప్పలుగా కనిపిస్తాయి. కోడ్ రాసేవాళ్లకి అందులో వింతేమీ తోచదు. చేత్తో పంపు కొట్టే బీపీ మిషన్ చూసి, దగ్గరి పదికి సర్ది రాసేస్తారని వార్డులో తిరిగినవాళ్లకే తెలుస్తుంది. అది తెలియక 138కీ 142కీ తేడా పట్టే కంప్యూటర్ మోడల్ కట్టామని చెబితే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

2. డేటా సంపాదించండి

మన ఊరి ఆసుపత్రి డేటా కావాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. దానికి నెలలు పట్టొచ్చు. మొదటిసారికి వైద్య డేటా పంచే ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో దొరికే మిమిక్ అనే డేటా మేలు. అవి బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి రికార్డులు, పేర్లు తీసేసినవి. పైసా కట్టక్కర్లేదు. ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి, గైడ్ పేరు ఇచ్చి, డేటా వాడకపు ఒప్పందానికి ఒప్పుకోవాలి. జట్టులో ప్రతి ఒక్కరూ ఎవరికి వారే చేయాలి. ఒకరు దించుకుని మిగతావాళ్లకి పెన్‌డ్రైవ్‌లో ఇస్తే ఒప్పందం తప్పినట్టే.

మిమిక్ మూడో వెర్షన్ అయిన మిమిక్-3లో 300 ఏళ్లు దాటిన రోగులు కనిపిస్తారు, కంగారు పడకండి. 89 దాటినవాళ్లని ఎవరూ గుర్తుపట్టకుండా వాళ్ల పుట్టిన తేదీని కావాలనే వెనక్కి జరిపారు. తప్పుడు డేటా అనుకుని తుడిచేస్తే ముసలివాళ్లంతా లెక్కలోంచి పోతారు.

3. సదస్సును ఎంచుకోండి

అమెరికన్ మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ అసోసియేషన్ వార్షిక సదస్సు సాధారణంగా నవంబరులో జరుగుతుంది. విద్యార్థుల పేపర్లకి అక్కడ విడిగా పోటీ ఉంది. మెడ్‌ఇన్ఫో అనే అంతర్జాతీయ సదస్సు రెండేళ్లకోసారి వస్తుంది: 2023లో సిడ్నీ, 2025లో తైపే. మన దేశంలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ 1993 నుంచి ఉంది. "డియర్ ప్రొఫెసర్" అంటూ మెయిల్ పెట్టి, మూడు రోజుల్లో పేపర్ తీసుకుంటామనే సదస్సులను వదిలేయండి. థర్డ్ ఇయర్ కుర్రాణ్ని ప్రొఫెసర్ అన్నప్పుడే సంగతి అర్థమైపోవాలి.

4. పేర్ల వరస ముందే తేల్చుకోండి

స్నేహాలు చెడేది ఇక్కడే. పనిలో పాలుపంచుకుని, రాతలో చేయి వేసి, తుది ప్రతిని ఒప్పుకుని, తప్పొప్పులకు జవాబు చెప్పగలిగినవాళ్లే రచయితలని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం. ఉత్తినే సంతకం పెట్టిన హెచ్‌ఓడీ గారి పేరు కృతజ్ఞతల్లోకి వెళ్లాలి. మొహమాటంగానే ఉంటుంది. అందుకే మొదటి వారంలోనే గైడ్ ఎదుట కాగితం మీద రాసుకోండి.

5. ఖర్చు, ప్రయాణం, పోస్టర్

చాలాచోట్ల కనీసం ఒక రచయిత అయినా ఫీజు కట్టకపోతే పేపర్ తీసేస్తారు. వాలంటీరుగా పనిచేస్తే తగ్గిస్తారేమో నిర్వాహకులకి మెయిల్ పెట్టి అడగండి. విదేశమైతే అంగీకార పత్రం రాగానే వీసా పని మొదలుపెట్టండి. పోస్టర్‌ని బట్ట మీద ప్రింటు వేయిస్తే మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. దాని దగ్గర ఇద్దరూ నిలబడండి: వార్డు ప్రశ్నలు మెడికోకి, కోడ్ ప్రశ్నలు రెండోవారికి. ఆగి మాట్లాడినవాళ్ల పేరు, అడిగిన ప్రశ్న అప్పటికప్పుడే ఫోన్‌లో రాసుకుని, వారంలోపు జవాబు మెయిల్ చేయండి.