మెంటర్‌ని సలహా కాదు, పని చూపించమని అడగండి

"విద్యారంగంలోకి రావాలనుంది, ఏ ఉద్యోగం మంచిది?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మీ బదులు ఆ జవాబు ఇంకొకరు చెప్పలేరు. తమ పనిని దగ్గరుండి చూపించడం మాత్రం చేయగలరు. మంచి మెంటర్‌ని అడగాల్సింది అదే.

బడి మనకు బాగా తెలుసనుకుంటాం. హైస్కూలు ముగిసేసరికి ఒక విద్యార్థి సుమారు 13,000 గంటలు టీచర్ల ఎదుట గడుపుతాడని సామాజికశాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో రాశారు. అన్ని గంటలూ బెంచీ మీద నుంచి చూసినవే. రేపటి పాఠంలోంచి టీచరు దేన్ని తీసేశారో, ఎందుకు తీసేశారో అక్కణ్ణుంచి కనబడదు.

అందుకే ముందు క్లాసు వెనక కూర్చోండి. నేను లెక్కల టీచరుగా చేరిన కొత్తలో ఒక సీనియర్ మేడమ్ నన్ను తన క్లాసుకి తీసుకెళ్లి, "నన్ను చూడకు, పిల్లల్ని చూడు" అన్నారు. ఒక పాప 1/2 + 1/3 = 2/5 అని రాసింది. మేడమ్ తప్పనలేదు. "నీ జవాబు అర కన్నా ఎక్కువా, తక్కువా?" అని మాత్రం అడిగారు. అరకి ఇంకొంత కలిపితే అర కన్నా తగ్గదు కదా; పాప కాసేపు చూసుకుని తనే కొట్టేసింది. బెల్లు కొట్టాక మేడమ్ తన నోట్‌బుక్ చూపించారు: ఆ ప్రశ్న ముందు రోజే రాసిపెట్టుకున్నారు! పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే పసిగట్టి ప్రశ్న తయారుచేయడమనే పని నన్ను పట్టేసింది. తర్వాత నేను ప్రశ్నపత్రాలు, వర్క్‌బుక్కులు రాసే పనిలోకి వెళ్లడానికి ఆ నోట్‌బుక్కే కారణం. ఎవరు ఎంత సలహా ఇచ్చినా నాకది తెలిసేది కాదు.

"నాకు మెంటర్‌గా ఉంటారా?" అని అడిగితే పెద్దవాళ్లు కూడా తటపటాయిస్తారు, అదెంత బరువో తెలియదు కాబట్టి. "మీ క్లాసు ఒక పూట చూడనిస్తారా? చూశాక పావుగంట మాట్లాడాలి" అని అడగండి. ఆ పావుగంటలో జీతం, ప్రమోషన్ల సంగతి వదిలేసి, "మీ పనిలో ఎవరూ చూడని భాగం ఏది? అది మీకు ఇష్టమేనా?" అనండి. దిద్దడం, తల్లిదండ్రులతో మాట్లాడటం, రికార్డులు రాయడం లాంటివి బయటికొస్తాయి. వాటిని వింటున్నప్పుడు మీకేమనిపించిందో ఆ రోజే రాసిపెట్టుకోండి.

వాళ్ల పాత లెసన్ ప్లాన్లు కూడా అడగండి. చూపూ వినికిడీ లేని చిన్నారి హెలెన్ కెల్లర్‌కు టీచరుగా ఆన్ సలివాన్ పేరును ఆ కుటుంబానికి సూచించింది, సలివాన్ చదువుకున్న పెర్కిన్స్ అంధుల పాఠశాల డైరెక్టర్ మైకేల్ అనాగ్నోస్. 1887లో ఆ ఇంటికి వెళ్లేముందు సలివాన్, అదే పాఠశాలలో హెలెన్‌లాగే చూపూ వినికిడీ లేని లారా బ్రిడ్జ్‌మన్‌కు ఎలా నేర్పారో పాత నివేదికలు తీసి చదివారు. అవకాశం ఒకరు చూపించారు, పనిలో దారి ఇంకొకరి రాతలో దొరికింది.

ఒక్కరి దగ్గరే అన్నీ దొరకవు. మెంటర్ల సాయం రెండు రకాలని పరిశోధకురాలు క్యాథీ క్రామ్ 1980ల్లోనే చెప్పారు: ఉద్యోగంలో ముందుకు నడిపించేది ఒకటి, మనసుకు ధైర్యమిచ్చేది ఒకటి. నా మటుకు, మనకన్నా రెండు మూడేళ్లు ముందున్నవాళ్లు ఒకరు, ఎంతో అనుభవమున్నవాళ్లు ఒకరు ఉంటే చాలు. మొదటివారికి కొత్తలో పడే అవస్థ ఇంకా గుర్తుంటుంది.

చూడటం అయ్యాక చిన్న పని చేతికి తీసుకోండి: నలుగురైదుగురు పిల్లలు, ఒకే పాఠం, పక్కన మెంటర్. జపాన్‌లో టీచర్లు కలిసి పాఠం తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు పిల్లల్ని గమనించి, తర్వాత చర్చించుకుంటారు. మీరూ అలాగే "నేనెలా చెప్పాను?" అని కాకుండా "ఏ పిల్లాడికి ఎక్కడ అర్థం కాలేదు?" అని అడగండి. వారంలోగా, ఆ మాట విని మీరేం మార్చారో మెంటర్‌కి చెప్పండి. మళ్లీ సమయమివ్వాలని వాళ్లకు అనిపించేది అప్పుడే.

ప్రతి మెంటరూ తను నడిచిన దారినే ఎక్కువ ప్రేమిస్తారు. కాబట్టి ఆ పని మానేసినవాళ్లు ఒకరితోనైనా మాట్లాడండి. ఎందుకు మానేశారు అన్నదానికన్నా, మానేశాక దేన్ని తలుచుకుంటున్నారో అడగండి.