పచ్చళ్ల యూనిట్‌కు ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు: లేఅవుట్ ప్లాన్ కొలతలు మీరే లెక్కకట్టుకోండి

బెంగళూరులో ఇంటి కింది అంతస్తు అద్దెకు తీసుకుని ఆవకాయ, గోంగూర, కందిపొడి చేసి అమ్ముదామనుకునేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత, ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ) దరఖాస్తులో చాలా కాగితాలు ఇంట్లో ఉన్నవే దొరుకుతాయి. గుర్తింపు కార్డు, అద్దె ఒప్పందం, యంత్రాల జాబితా వెతికితే వస్తాయి. కూర్చుని కొత్తగా తయారు చేయాల్సింది యూనిట్ లేఅవుట్ ప్లాన్, అంటే ఏ పని ఎక్కడ జరుగుతుందో కొలతలతో చూపే పటం. దీన్ని ఏజెంటుకు వదిలేస్తే పాత ఫైలులోని ఏదో గది బొమ్మ మీద మీ పేరు ఎక్కే ప్రమాదం ఉంది. టేపు, గ్రాఫు కాగితం ఉంటే ఒక పూటలో మీరే గీసుకోవచ్చు.

ముందుగా మీకు కావలసింది రిజిస్ట్రేషనా, లైసెన్సా అన్నది తేల్చుకోండి. బాగా చిన్న స్థాయిలో చేసేవారికి ఫారం ఏ కింద రిజిస్ట్రేషన్ సరిపోతుంది, దానికి ప్లాన్ అడగరు. టర్నోవర్ పరిమితి దాటినవారు ఫారం బి కింద లైసెన్సు తీసుకోవాలి. మీరు ఏ కోవలోకి వస్తారో, ఫీజు ఎంతో ఫాస్కాస్ పోర్టల్‌లో (ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ దరఖాస్తుల సైటు) రాష్ట్రం, వ్యాపారం రకం ఎంచుకుంటే తెలిసిపోతుంది. రాష్ట్రం దగ్గర కర్ణాటక అని పెట్టండి, యూనిట్ ఎక్కడుందో అదే లెక్క. సొంతూరు గుంటూరైనా, సరుకు హైదరాబాద్ వెళ్లినా దానితో పని లేదు.

ప్లాన్‌లో ఏం ఉండాలి

2011 లైసెన్సింగ్ నిబంధనల ప్రకారం తయారీ యూనిట్ ప్లాన్‌లో కొలతలు మీటర్లలో, చదరపు మీటర్లలో ఉండాలి. ఏ పనికి ఎంత చోటు కేటాయించారో కూడా చూపాలి. స్కేలు, అంటే గదిని కాగితం మీద ఎన్నో వంతుకు తగ్గించి గీస్తున్నామన్న లెక్క, ఇంతే ఉండాలని అందులో లేదు. ఆర్కిటెక్టు సంతకం ప్రస్తావనా లేదు. అయినా స్కేలు ప్రకారమే గీయమంటాను. స్కేలు లేని బొమ్మలో జాడీల ర్యాకు ఎక్కడైనా పట్టేస్తుంది. గదిలోకి తెచ్చాక తలుపుకు అడ్డం వస్తుంది.

కొలవడం

బెంగళూరులో అంతా అడుగుల లెక్క. సైటు 30×40, హాలు 24 అడుగులు, తలుపు మూడున్నర అడుగులు. ప్లాన్ మాత్రం మీటర్లలో ఇవ్వాలి. ఒక అడుగు అంటే 0.3048 మీటరు.

మన ఉదాహరణకు లోపలి కొలత 24 అడుగుల పొడవు, 16 అడుగుల 6 అంగుళాల వెడల్పు ఉన్న హాలు తీసుకుందాం. చాలామంది కాలిక్యులేటర్‌లో 16.6 కొడతారు, అది తప్పు. 6 అంగుళాలంటే అర అడుగు, కాబట్టి 16.5. ఇక్కడ తేడా మూడు సెంటీమీటర్లే. కానీ 5 అడుగుల 10 అంగుళాలను 5.10 అని కొడితే తొమ్మిది అంగుళాలు గల్లంతవుతాయి. అంగుళాలను 12తో భాగించాకే అడుగులకు కలపాలి.

24 × 0.3048 = 7.32 మీటర్లు. 16.5 × 0.3048 = 5.03 మీటర్లు. వైశాల్యం 36.82 చదరపు మీటర్లు.

గోడ లోపలి నుంచి లోపలికి కొలవండి. 5 మీటర్ల టేపుతో ఇంత హాలు ఒక్కసారిలో అందదు, రెండు ముక్కలుగా కొలిస్తే మధ్య గుర్తు దగ్గర తేడా వస్తుంది. మేస్త్రి దగ్గర 15 మీటర్ల టేపు అడిగి తెచ్చుకోండి. తర్వాత ఎదురెదురు మూలలను కలుపుతూ రెండు కర్ణాలూ కొలవండి. గది మూలమట్టంగా ఉంటే రెండూ 8.88 మీటర్లు చూపాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వస్తే గది వంకర. ఈ ఊళ్లో వంకర సైట్లకు కొదవ లేదు కాబట్టి ఆ పని మానకండి. వంకర ఉన్నచోట నాలుగు గోడలనూ విడివిడిగా కొలిచి, నాలుగు అంకెలూ రాయాలి.

ఇంటి యజమాని తన పాత ప్లాన్ జిరాక్సు ఇస్తే దాని మీద 1:100 అని రాసి ఉన్నా నమ్మవద్దు. జిరాక్సులో బొమ్మ కుదించుకుపోయి ఉండవచ్చు. అయినా త్రైరాశికంతో దాన్ని వాడుకోవచ్చు. సైటు పొడవు 40 అడుగులని మీకు తెలుసు. జిరాక్సు మీద ఆ గీత 114 మిల్లీమీటర్లు, మీ హాలు గీత 68.4 మిల్లీమీటర్లు ఉందనుకోండి. 68.4ను 114తో భాగించి 40తో గుణిస్తే 24 అడుగులు వస్తుంది. ఇది మీ టేపు లెక్కను సరిచూసుకోవడానికే. ప్లాన్ ఒకలా, కట్టింది ఒకలా ఉండటం ఇక్కడ కొత్తేం కాదు, అందుకే దరఖాస్తులో టేపు అంకెనే రాయాలి.

స్కేలు ఎంచుకోవడం

ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు. అంచులు, పేరు, చిరునామా రాసే చోటు పోను మిగిలిన దాంట్లో గది ఇమడాలి. 1:25 తీసుకుంటే 7.32 మీటర్ల గోడ 293 మిల్లీమీటర్లు అవుతుంది, అంచులకు చోటుండదు. 1:100 తీసుకుంటే 73 మిల్లీమీటర్లే వస్తుంది, లోపల పేర్లు రాయడానికి పెన్ను తిరగదు. 1:50లో 146.4 × 100.6 మిల్లీమీటర్లు వస్తుంది. కాగితం మీద హాయిగా కూర్చుంటుంది.

1:50 అంటే కాగితం మీద ఒక మిల్లీమీటరుకు నేల మీద 50 మిల్లీమీటర్లు. దీనికి దగ్గరి దారి, మీటర్లను 20తో గుణిస్తే కాగితం మీది మిల్లీమీటర్లు వస్తాయి. వెనక్కి రావాలంటే 20తో భాగించాలి. తలుపు 1.07 మీటర్లు, కాగితం మీద 21.4. ఆరడుగుల స్టీలు బల్ల 1.83 మీటర్లు, కాగితం మీద 36.6. తొమ్మిదంగుళాల గోడ 0.23 మీటరు, కాగితం మీద 4.6. అన్నింటికీ అదే 20. తలుపు కొంచెం పెద్దగా కనిపిస్తే బాగుంటుందని ఒక్కదానికి స్కేలు మార్చారా, ప్లాన్ పాడైనట్టే.

పనుల వారీగా చోటు పంచడం

ఈ లెక్కలో అసలు పని ఇక్కడుంది. పచ్చి సరుకు ఒక వైపు నుంచి వచ్చి, సీసా రెండో వైపు నుంచి బయటికి పోయేలా పంచుకోవాలి. కడగని కాయ, మూత పెట్టిన సీసా ఒకే దారిలో ఎదురుపడకూడదు. పొడవును నాలుగు పట్టీలు చేద్దాం.

సరుకు దించుకుని కాయ, కారం, ఉప్పు, నూనె నిల్వ పెట్టే చోటు 1.50 మీటర్లు. కడగడం, తుడిచి ఆరబెట్టడం, ముక్క కొట్టడం 2.00. పొడులు వేయించడం, కారం కలపడం, జాడీల్లో ఊరబెట్టడం 2.20. సీసాలు నింపడం, లేబుల్ అంటించడం, తయారైన సరుకు ఉంచడం మిగిలిన 1.62. మొత్తం 7.32. కాగితం మీద 30, 40, 44, 32.4 మిల్లీమీటర్లు, మొత్తం 146.4. ఈ రెండు మొత్తాలూ సరిపోకపోతే ముందుకు వెళ్లకండి.

ఒక్కో పట్టీని వెడల్పు 5.03తో గుణిస్తే వరసగా 7.55, 10.06, 11.07, 8.15 చదరపు మీటర్లు. కలిపితే 36.83. హాలు వైశాల్యం 36.82 అని రాశాం కదా! ఈ 0.01 దశాంశాలు సవరించడం వల్ల వచ్చిన తేడా. పెద్ద పట్టీని 11.06 చేసి మొత్తం సరిపెట్టండి. పట్టీల మధ్య గీతకు బదులు నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కడితే మాత్రం ఒక్కో గోడకు దాదాపు 0.57 చదరపు మీటరు పోతుంది, దాన్ని తీసేయాలి.

స్కేలు కోసం పడ్డ శ్రమకు ఫలితం మూడో పట్టీలో కనిపిస్తుంది. 2.20 మీటర్లలో 0.76 మీటరు కలిపే బల్లకు, 0.60 జాడీల ర్యాకుకు పోతే నడవడానికి 0.84 మీటరు మిగిలింది. బేసిన్ పట్టుకుని ఒకరు పోగలరు, ఇద్దరు ఎదురుపడితే కష్టం. ఈ సంగతి ర్యాకు కొనకముందే తెలియాలి. ఇల్లును యూనిట్‌గా మార్చినప్పుడు ఇంకో చిక్కు, హాలులోకే తెరుచుకునే బాత్రూం. అవే 2011 నిబంధనల్లోని షెడ్యూలు 4 (శుభ్రత నియమాలు) ప్రకారం మరుగుదొడ్డి తలుపు తయారీ జరిగే చోటికి నేరుగా తెరుచుకోకూడదు. చేతులు కడుక్కునే సింకు, డ్రైనేజీ, జాలీ బిగించిన కిటికీలు కూడా గుర్తించండి.

ప్రతి గోడ పక్కనా మీటర్ల అంకె, ప్రతి పట్టీలో పని పేరు, వైశాల్యం రాయాలి. కింద 100 మిల్లీమీటర్ల గీత గీసి 5 మీటర్లు అని రాయండి. స్కాన్ చేసి ఎక్కించాక అవతల ప్రింటు ఏ సైజులో తీస్తారో మన చేతిలో ఉండదు. కాగితం పెరిగినా తగ్గినా ఆ గీతా దాంతోపాటే మారుతుంది కాబట్టి కొలత బతికిపోతుంది.

దరఖాస్తు పెట్టడం

ఫాస్కాస్‌లో మొబైల్ నంబరు, ఈమెయిల్‌తో ఖాతా తెరిచి తయారీదారు కింద దరఖాస్తు నింపాలి. పచ్చళ్లు, మసాలా పొడులు వేరు వేరు ఆహార వర్గాల్లోకి వస్తాయి, రెండూ ఎంచుకోండి. ప్లాన్‌తో పాటు యంత్రాల జాబితా, వాటి సామర్థ్యం, నీటి పరీక్ష నివేదిక, స్థలం పత్రం, బాధ్యుడిని నియమించే ఫారం 9, యూనిట్ ఫొటోలు ఎక్కించాలి. ఫొటోలో తలుపు కుడివైపుంటే ప్లాన్‌లోనూ కుడివైపే ఉండాలి. ఫీజు కట్టాక వచ్చే 17 అంకెల రిఫరెన్సు నంబరుతో దరఖాస్తు ఎక్కడుందో చూసుకోవచ్చు.

అధికారికి సందేహం వస్తే దరఖాస్తును వెనక్కి పంపుతారు. 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే తిరస్కరిస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు. ప్లాన్ మీద సందేహమైతే అంకెలు కొట్టేసి దిద్దకండి, కొత్త కాగితం మీద గీసి పంపండి. తనిఖీకి వచ్చే ఫుడ్ సేఫ్టీ అధికారి చేతిలో మీరు ఎక్కించిన ప్లానే ఉంటుంది. అదే ప్లాన్ ప్రింటు ఒకటి, టేపు ఒకటి యూనిట్‌లో అందుబాటులో ఉంచండి. లైసెన్సు వచ్చాక గోడ కొట్టినా, పక్క గది కలుపుకున్నా అదే పోర్టల్‌లో మార్పు కోసం మళ్లీ దరఖాస్తు పెట్టి, కొత్త కొలతలతో ప్లాన్ ఇవ్వాలి.